పందెం నడుమ పడుగు

పోయినవారం నాటికి మా లెక్క ఎక్కడ నిలిచిందో ముందుగా చెప్పి కదులుతాను. నల్లగొండ ఊరి నడుమ ఉన్న ఉడుముల గుట్ట మీద నా బిడ్డ ఉజ్మా, నా సైకిళ్ళ దుకాణంలో మెకానిక్‌గా ఉన్న శ్రవణ్, ఇంకొందరు పిల్లలు కలిసి ఐదేళ్ళుగా ఒక సైకిల్ తోవ తయారుచేసుకున్నారు. అట్లాంటి తోవ ఉందనే సంగతి ఊళ్ళో సగం మందికి తెలియదు. పైన పాడుబడ్డ నీళ్ళ ట్యాంకు వెనక కంపచెట్ల మధ్య మొదలై, బండల మీదుగా దిగి, చివరికి మగ్గాల వాడ సందులోంచి ఆటస్థలంలో పడుతుంది. షాద్‌నగర్ నుంచి వచ్చిన నరసింహ, 'కొండగాలి అడ్వెంచర్స్' యజమాని, ఆ గుట్టకు గేటు పెట్టి, టికెట్టు పెట్టి, తన సైకిళ్ళే నడపాలని మున్సిపాలిటీకి దరఖాస్తు ఇచ్చాడు. గేటు వద్దు, తోవను మేమే చూసుకుంటాం, ఎవరైనా రావచ్చని మా పిల్లలూ ఇచ్చారు. రెండు పక్షాలూ మెర్సీ టీచర్ ముందు కూర్చుని ఒక మాట అనుకున్నాయి. ఒక్కొక్కరే గుట్ట దిగాలి. ఎవరు తక్కువ సమయంలో ఆటస్థలం చేరితే తోవ వాళ్ళది. ఓడినవాళ్ళు దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. పందెం అనుకున్న ఆదివారం వాన పట్టుకుంది. మరుసటి ఆదివారానికి జరిపారు.

ఇక ఆ ఆదివారం సంగతి.

వాన వెలిసినా మబ్బు విడవలేదు. గట్టి ఎండ ఆ పొద్దునే మొదటిసారి కాసింది. నేను మగ్గాల వాడ వైపు నడుస్తుంటే గుట్ట మీద బండలు తడి ఆరి తెల్లబడుతున్నాయి. తడి బండ మీద బిడ్డ టైరు జారుతుందేమోనని వారమంతా ఫికరు పెట్టుకున్నవాణ్ణి, ఆ ఎండ చూసి సగం గెలిచామనుకున్నాను. వ్యాపారికి ఉండే జబ్బే అది. ఒక నష్టం తప్పితే చాలు, దాన్ని లాభం కింద వేసుకుంటాడు.

సందు మలుపు తిరిగాను. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా మగ్గానికి ఎక్కించాల్సిన పడుగు పరిచి ఉంది. లేత పసుపు దారాలు, వందలకొద్దీ, నడుము ఎత్తున కర్రల మీద సాగదీసి కట్టి ఉన్నాయి. గంజి తడి ఇంకా ఆరలేదు. ఎండకు ఆ దారాలన్నీ ఒకే గుడ్డలాగా మెరుస్తున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కన కుంచెలతో దువ్వుతున్నారు. పడుగుకూ గోడకూ మధ్య మిగిలిన జాగాలో సైకిల్ హ్యాండిల్ పట్టీపట్టనట్టు పడుతుంది.

శ్రవణ్ ఆ కొస నుంచి గోడ పట్టుకుని పరుగూ నడకా కాని నడకతో వచ్చాడు.

"చిచ్చా, సచ్చినం."

"సందు ఖాళీ పెట్టమని చెప్పలేదారా?"

"పోయిన ఐతారం కోసం చెప్పిన. వాడంతా బంద్ పెట్టిండ్రు గద. గీ ఐతారం..." వాడి గొంతు చిన్నదైపోయింది. "మా ఇల్లే గద చిచ్చా. మా ఇంట్ల తెల్వదా అనుకున్న."

వాడి తల్లి వెంకటనర్సమ్మ కుంచె ఆపకుండానే అందుకుంది. ఆ పడుగు ఆమెదే.

"ఎట్ల తెలుస్తది కొడుకా? కలగంటనా? పందెం అన్నవు, పోయిన ఐతారం సందు ఇడిసినం. వానకు నీ పందెం ఆగింది, మా పని ఆగింది. మళ్ళ ఎప్పుడని నోరు తెరిసి చెప్పినవా? గిన్నొద్దులకు ఇయ్యాల ఎండ మొకం చూసిన. గంజి పెట్టిన."

"అమ్మా, రోజూ సైకిల్‌కు నూనె పెడుతుంటి, బ్రేకులు చూస్తుంటి, నువ్వు చూడలే?"

"నువ్వు ఎప్పుడు జేసే పనే గద అది! నువ్వు అన్నం తిన్నా పందెమనే అనుకోవాల్నా?"

పక్కనున్నామె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. బయటివాళ్ళ ఇంటికైతే శ్రవణ్ రెండుసార్లు పోయి చెప్పి వచ్చేవాడు. సొంత ఇల్లు కాబట్టి చెప్పలేదు. సొంతవాళ్ళ దగ్గర మనం చేసే పొరపాట్లన్నీ ఇట్లాగే ఉంటాయి.

"అక్కా, తీయవస్తదా?" అని అడిగాను, జవాబు తెలిసే.

"నీకు తెల్వంది ఏమున్నది కరీం భాయ్? తడి మీద చుడితే దారం దారం అంటుకుంటది. మళ్ళ ఇడదీసుడు నాతోని గాదు, నా తాత తోని గాదు."

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. లేకపోతే నా గుండె ఎందుకు జారిందో అర్థం కాదు. ఐదేళ్ళ కింద పిల్లలు మొదటిసారి గుట్ట దిగి ఈ సందులోకి వచ్చినప్పుడు ఆడవాళ్ళు కుంచెలు తిరగేసి వెంటపడ్డారు. మరుసటి రోజు ఉజ్మా ఒక్కతే వచ్చి వెంకటనర్సమ్మ గడప ముందు నిలబడి దారి అడిగింది. ఆమె దారి ఇచ్చింది, ఒక షరతు మీద. పడుగు ఉంటే సైకిల్ దిగాలి. భుజానికి ఎత్తుకోవాలి. గోడ పక్కన మెల్లగా నడవాలి. తడి గంజి దుమ్మును అయస్కాంతంలా పట్టుకుంటుంది. ఆ దుమ్ము మగ్గం మీద దారాన్ని కోస్తుంది. ఉజ్మా మాట ఇచ్చింది. ఆ తరవాత గుట్టకు వచ్చిన ప్రతి కొత్త పిల్లవాడికీ బ్రేకు పట్టడం కంటే ముందు ఈ మాట నేర్పింది. కాలేజీలో పరీక్ష ఉన్న రోజు కూడా తను దిగి నడిచే పోయింది.

ఆటస్థలంలో గడియారం పట్టుకుని మెర్సీ టీచర్ ఉంది. పదవీ విరమణ అయిన వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఊళ్ళో ఆమె విజిల్‌కు పరుగెత్తని మనిషి లేడు. ఫోన్ చేశాను.

"టీచర్, జర పందెం ఆపుండ్రి. సందుల పడుగు ఉన్నది. ఎండి లేవదీసేదాక ఆగుదాం."

"నాకేం అభ్యంతరం లేదు కరీం భాయ్. రెండో పక్షం ఒప్పుకోవాలె గద. ఉండుండ్రి, ఇస్త."

నరసింహ గొంతు వచ్చింది. తొందర లేని గొంతు. "ఎందుకాపాలె భాయ్? అడ్డమున్నదంటే ఇద్దరికీ ఉన్నట్టే. మా రైడరు డానియల్ ఏమన్న గాలిల ఎగిరొస్తడా? గదే సందుల నుంచి రావాలె."

తూకం వేసి చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఇద్దరికీ ఒకే సందు, ఒకే అడ్డం.

"మీ అమ్మాయి దిగి నడుస్తదేమో," అన్నాడు ఆయనే మళ్ళీ. "అది మీ పద్ధతి భాయ్. పందెంల దిగాలని ఎక్కడా అనుకోలే."

ఫోన్ పెట్టేసి శ్రవణ్ వైపు చూశాను. "దిగి నడిచే సంగతి ఆయనకెట్ల తెలుసురా?"

"పోయినవారం వాళ్ళ సైకిళ్ళ ఏజెన్సీ ఇస్తనని దుకాణంకు వచ్చినప్పుడు నేనే చెప్పిన. గొప్పకు చెప్పిన చిచ్చా. మా తోవ గిట్ల, మా పద్ధతి గిట్ల అని."

వాణ్ణి తిట్టే టైం లేకపోయింది. పైన ట్యాంకు దగ్గర నిలబెట్టిన పిల్లవాడి విజిల్ మోగింది. ముందు దిగేది ఉజ్మానే.

కింద నుంచి చూస్తే గుట్ట మీద తోవ ఉన్నట్టే ఉండదు. బండ, కంప, బండ. అందులో ఎర్ర హెల్మెట్ ఒకటి మెరిసి మాయమవుతుంది. ఎక్కడ మాయమైతే ఎక్కడ తేలాలో తెలిసినవాళ్ళకే తెలుసు. ట్యాంకు కింద మలుపులో తేలింది. జిల్లేడు పొదల పక్కన తేలింది. తరవాత పిల్లలు 'ఉడుము వీపు' అని పిలుచుకునే ఏటవాలు బండ వచ్చింది. దాని మీద ఆమె బ్రేకు ముట్టుకోలేదు. ఒంటిని సీటు వెనక్కి వేలాడేసి, చక్రాన్ని బండ మీద దానంతట అది పారనిచ్చింది. ముందు టైరు కింద అంచు దిగినప్పుడు షాకప్‌లు కూర్చుని లేచిన చప్పుడు ఇక్కడి దాకా వినిపించింది.

నేను ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు అమ్ముతున్నాను. దేవరకొండ, కల్వకుర్తి దాకా నా సరుకు పోతుంది. ఏ సైకిల్ వచ్చినా తిరగేసి అడుగుభాగం చూస్తాను. రంగు చూసి కొన్నవాడు మళ్ళీ నా దగ్గరికే ఏడుస్తూ వస్తాడు. మనుషులనూ అట్లాగే చూడటం అలవాటైంది. నా బిడ్డను మాత్రం ఏనాడూ అట్లా చూడలేదు. ఆమె ఆ బండ దిగుతుంటే మొదటిసారి చూశాను. ఎక్కడా వదులు లేదు.

"మస్తు వస్తాంది," అన్నాడు శ్రవణ్, పిడికిలి నోట్లో పెట్టుకుని. "చిచ్చా, గింత జోరుగ ఎన్నడు రాలే."

గుట్ట చివర రెండు బండల మధ్య సందు ఉంది. అందులోంచి ఆమె బాణంలా బయటపడింది. అక్కడి నుంచి వాడ సందు, ఆ పైన ఆటస్థలం. పందెం అక్కడే అయిపోయినట్టు నాకు తోచింది. అప్పుడు ఆమె పడుగును చూసింది.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నా మనసు దిగొద్దనే అంది. జాగా ఉంది, ఆమెకు చేతనవుతుంది, పోనియ్యి అనుకున్నాను. ఐదేళ్ళు ఒక్కొక్క రాయి పేర్చిన తోవ ఒక గేటు వెనక్కి పోతుంది. ఒక్కసారికి ఏమవుతుంది?

రెండు బ్రేకులూ పడ్డాయి. పడుగుకు చాలా ముందే పడ్డాయి, మట్టి చిమ్మకుండా. ఆమె దిగింది. సైకిల్‌ను గోడ వైపు భుజానికి ఎత్తుకుంది. ఒక చేత్తో వెనక చక్రాన్ని తిరగకుండా పట్టుకుంది, టైరుకున్న మట్టి రాలకుండా.

"సలాం అత్తా. జర తోవ."

"మెల్లగ పో బిడ్డా," అంది వెంకటనర్సమ్మ, కళ్ళు దారాల మీది నుంచి ఎత్తకుండా.

"పందెం అత్తా!"

"గందుకే మెల్లగ పొమ్మంటున్న. పందెమని ఉరికితే దుమ్ము లేస్తది."

ఉజ్మా మెల్లగానే నడిచింది. చెమట గడ్డం మీది నుంచి కారుతుంటే పడుగు వైపు పడకుండా ముఖం గోడకు తిప్పుకుంది. నా ముందు నుంచి పోతుంటే ఏదో అనబోయాను.

"మాట్లాడకు అబ్బా. ఊపిరి చాలదు."

శ్రవణ్ పక్కకు తిరిగి నిలబడ్డాడు. చూడలేక. పడుగు ఆ కొస దాటి, కర్రలు దాటి, అప్పుడు గానీ ఆమె సైకిల్ దించలేదు. దించి ఎక్కిన తీరు చూస్తే పోయిన సమయమంతా ఆ మిగిలిన మైదానంలోనే తిరిగి రాబట్టాలన్నట్టు ఉంది. రాబట్టలేమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా తొక్కింది.

నా ఛాతీ ఎందుకు వెడల్పయిందో లెక్కకు రాలేదు. పోయేది కళ్ళముందే పోతున్నది. వచ్చేది ఏమిటో చేతికి తగలడం లేదు. అయినా ఆ సందులో నా అంత ఉన్నవాడు ఎవడూ లేడనిపించింది.

మళ్ళీ విజిల్.

డానియల్ మహబూబ్‌నగర్ పిల్లవాడు. మంచి రైడరు. శత్రువైనా సరుకు మంచిదైతే మంచిదనాలి. ఉజ్మా ఎక్కడ ఎగిరిందో తను అక్కడ కొంచెం తడబడ్డాడు, ఉడుము వీపు మీద బ్రేకు రెండుసార్లు కీచుమంది. బండల మధ్య నుంచి బయటికి వచ్చేసరికి ఉజ్మా కంటే వెనకబడే ఉన్నాడని శ్రవణ్ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ గొణిగాడు.

"ఆగు బిడ్డా! దిగు!" అని అరిచింది వెంకటనర్సమ్మ.

అతను పడుగును చూశాడు, ఆమెను చూశాడు. ఒక్క క్షణం వెనక బ్రేకు పట్టాడు కూడా. తరవాత మోచేతులు లోపలికి ముడుచుకుని, గోడకు ఆనుకుని, ఆ ఇరుకులోంచి దూసుకుపోయాడు. దారానికి హ్యాండిల్ తగలలేదు. పెడల్ తగలలేదు. అంత ఇరుకులో అంత జోరుగా తిన్నగా పోవడం మామూలు పని కాదు. కానీ అతను పోయిన తరవాత ఎర్రమట్టి దుమ్ము గోడ పొడుగునా లేచి, ఎండలో ఒక్క గడియ తేలి, తీరిగ్గా తడి దారాల మీద దిగింది.

ఇద్దరు ఆడవాళ్ళూ కుంచెలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

ఆటస్థలంలో చప్పట్లు వినిపించాయి. కాసేపటికి అందరూ సందులోకే వచ్చారు. ముందు నరసింహ, ఫోన్ పైకి పట్టుకుని వీడియో తీసుకుంటూ. తోవ బయటపడే చోట గెలిచిన రైడరును నిలబెట్టి బొమ్మ తీయాలని వచ్చాడు. వెనక డానియల్, సైకిల్ నడిపించుకుంటూ. ఆ వెనక మెర్సీ టీచర్, ఉజ్మా.

"సమయం ప్రకారం డానియల్," అంది మెర్సీ టీచర్. చెప్పడం ఇష్టంలేని గొంతు, కానీ తిరుగులేని గొంతు. "తేడా బాగనే ఉన్నది."

"ఒప్పుకున్న టీచర్," అంది ఉజ్మా.

"గదేంది ఉజ్మా!" శ్రవణ్ ముందుకు వచ్చాడు. "పైనుంచి ఇక్కడిదాక నువ్వే జోరు! దిగకపోతే..."

"దిగిన గద. దిగినందుకు ఓడిపోయిన. దిగకుండ గెలిస్తే రేపు ఇదే సందుల నుంచి ఏం మొకం పెట్టుకొని పోవాలె? రేపు పొద్దుగాల్నే దరఖాస్తు వాపస్ తీసుకుంటం సార్."

నరసింహ ఫోన్ దించాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటారని ఆయన అనుకోలేదు. వాదన కోసం సిద్ధం చేసుకున్న మాటలు నోట్లోనే మిగిలిపోయినట్టున్నాయి. "మంచిది. స్పోర్టివ్‌గ ఉన్నవమ్మా. నీకు మా కంపెనీల జాగా ఎప్పుడూ ఉంటది. కరీం భాయ్, మా సైకిళ్ళ ఏజెన్సీ మాట మళ్ళ మాట్లాడుకుందాం. మీకు నష్టమేం లేదు."

"బాబూ, ఇటు రా," అంది వెంకటనర్సమ్మ.

ఆమె పిలిచింది నరసింహను కాదు, డానియల్‌ను. అతను వచ్చాడు. ఆమె అరచేతిని పడుగు మీద ఒక బారెడు మెల్లగా జరిపి అతని ముందు పెట్టింది. అరచెయ్యి ఎర్రగా ఉంది.

"నేను తగల్లే అమ్మా," అన్నాడు డానియల్. "ఒక్క దారం గూడ తగల్లే."

"నువ్వు తగల్లే. మంచిగ తొక్కినవు, నేను చూసిన. గిది తగిలింది. ఇప్పుడు నీళ్ళు చల్లి మళ్ళ దువ్వాలె. ఒక్కదాని తోని గాదు. గా కొస పట్టుకో."

"నేనా?"

"మరి నేనొచ్చి నీ సైకిల్ తొక్కాల్నా? పట్టుకో. వదులియ్యకు. వదులైతే మొత్తం చిక్కుపడ్తది."

డానియల్ సైకిల్ గోడకు ఆనించి, గ్లోవ్స్ తీసి జేబులో పెట్టుకుని, కొస కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె వచ్చి అతని చేతులు సరిచేసి, ఒక అడుగు వెనక్కి జరిపి, తిరిగి పనిలో పడింది.

"డానియల్, వీడియోకు రా," అన్నాడు నరసింహ.

"ఎట్ల రావాలె సార్? ఇడవద్దన్నరు."

వాడలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నరసింహ కూడా సగం నవ్వాడు. కానీ ఆ నవ్వుల మధ్య నా కళ్ళు ఆ పిల్లవాడి చేతుల మీది నుంచి పడుగు పొడుగునా పోయి, సందు పొడుగునా పోయి, చివర ఆటస్థలంలో వెలుగు దగ్గర ఆగాయి. అప్పుడు తట్టింది. ఇంతసేపూ మేమందరం సరుకును చూస్తున్నాం. సరుకు బయటికి పోయే దారిని ఎవరూ చూడలేదు.

"నరసింహ గారూ, గెలిచిండ్రు, మంచిది," అన్నాను. "గుట్ట ఇగ మీ సొంతమే. ఒక్క మాట అడుగుత. మీ టికెట్టు కొన్నోడు గుట్ట దిగి ఎటు పోతడు?"

"ఎటేంది భాయ్? ఇటే. ఈ సందుల నుంచి గ్రౌండ్‌కు."

"వేరే దిక్కు?"

ఆయన గుట్ట వైపు చూశాడు. ఎడమ పక్క పాత రాళ్ళ క్వారీ. నిలువుగా కోసిన గుంత, అడుగున వాననీళ్ళు. కుడి పక్క ఖబ్రస్తాన్ గోడ. అది దాటి ఎవరూ సైకిల్ నడపరు. వెనక ఇండ్లు ఇటుకకు ఇటుక ఆనించి ఉన్నాయి.

"మున్సిపాలిటీ రోడ్డే గద ఇది," అన్నాడు. గొంతులో ఇప్పుడు కొంచెం తొందర వచ్చింది. "రోడ్డు మీద పడుగులు పరిస్తే తప్పు వాళ్ళది. నేను అడిగితే తీయాల్సిందే."

"రోడ్డు గాదు సార్," అన్నాడు శ్రవణ్. ఉదయం నుంచి మొదటిసారి వాడి మెడ నిటారుగా లేచింది. "మా నేతోళ్ళ సొసైటీ జాగా. ఇండ్ల జాగాలు పంచుకునేటప్పుడు ఒక్కొక్క ఇంటోడు ముంగట కొంత కోసి ఇడిసిండు, పడుగులకని. చూడుండ్రి, ఎంత తిన్నగ ఉన్నదో. ఊళ్ళె ఇంత తిన్నటి సందు ఇంకోటి ఉన్నదా? మనుషులు నడిసేతందుకు ఇడిసింది గాదు. దారం నడిసేతందుకు ఇడిసింది."

మెర్సీ టీచర్ తల ఊపింది. "అది నిజమే. మా స్కూలు పిల్లల ఊరేగింపుకు గూడ వీళ్ళనడిగే తీసుకపోయేదాన్ని."

"అయితే మీ పిల్లలకు ఎట్ల ఇచ్చిండ్రు?" నరసింహ వెంకటనర్సమ్మ వైపు తిరిగాడు. "వాళ్ళకిచ్చిన తోవ నాకియ్యరా?"

"దిగెటోళ్ళకు ఇచ్చినం," అంది ఆమె. "నీ మనిషి గూడ దిగితే ఇస్త. రోజుకు ఎంతమంది వస్తరు నీ గేట్ల నుంచి?"

"వందమంది వస్తరమ్మా, సెలవునాడు."

"వందమంది దిగి నడుస్తరా?"

నరసింహ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పైసలిచ్చి జోరు కొనుక్కున్నవాడు దిగి నడవడు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇండ్లలోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరూ అరవలేదు. ఒక ముసలాయన పడుగు రెండో కొస దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు, పని చూడటానికి వచ్చినట్టు. ఒకామె పిండి చేతులతోనే వచ్చి ఉజ్మా చెంప మీది మట్టి తుడిచింది. పిండి అంటింది. "తెల్లగ అయినవు," అని ఎవరో అన్నారు. ఉజ్మా నవ్వింది. పందెం ఓడిన మనిషి నవ్వు కాదు అది. ఆమె చుట్టూ నిలబడ్డ ఆ వాడను చూస్తే నాకు దుకాణం పెట్టిన ఇన్నేళ్ళలో కూడబెట్టినది చిన్నగా కనిపించింది. నేను సంపాదించినది గల్లాపెట్టెలో ఉంది. నా బిడ్డ సంపాదించినది నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"అబ్బా," అంది ఉజ్మా నా చెవి దగ్గర, "దరఖాస్తు మాత్రం వాపస్ తీసుకుంట. మాట ఇచ్చిన."

"తీసుకో బేటా. గుట్ట ఆయనదే. తోవకు మూతి మాత్రం ఇక్కడ ఉన్నది."

నరసింహ నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. ఒక బేరగాడు ఇంకో బేరగాణ్ణి చూసే చూపు. అట్లా చూసేవాడు కేకలు వేసేవాడి కంటే ప్రమాదం.

"మంచిగ పట్టుకున్నరు భాయ్," అన్నాడు. "గెలిచినోడు నిలబడ్డ జాగా కింద చాపే లాగినట్టు చేసిండ్రు. సరే. సొసైటీ జాగా అంటున్నరు. సొసైటీ అంటే ఒక పెద్ద ఉంటడు గద. ఎవరాయన?"

శ్రవణ్ నేల చూశాడు. వెంకటనర్సమ్మ కుంచె మొదటిసారి ఆగింది.

"నేనే," అన్న మాట వినిపించింది.

మూడో ఇంటి గడపలో వెంకటనర్సు నిలబడి ఉన్నాడు. శ్రవణ్ తండ్రి. పొద్దున నుంచి లోపల మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఎప్పుడు ఆగిందో ఎవరమూ గమనించలేదు. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ పడుగు మీది ఎర్ర దుమ్మును ఒకసారి చూశాడు. పెండ్లాన్ని చూడలేదు. కొడుకును చూడలేదు. ఉజ్మాను చూసి, చూపు తొందరగా తిప్పుకున్నాడు.

"సారూ, ఎండల నిలబడి ఏం మాట్లాడుతం? లోపటికి రాండ్రి."

"ఏం మాట్లాడేదున్నది?" అంది వెంకటనర్సమ్మ. "మాట్లాడుడు అయిపాయె."

"నువ్వు పని చూసుకో," అన్నాడు ఆయన, మెత్తగానే.

నరసింహ చెప్పులు విడిచాడు. పడుగు కింద నుంచి బాగా వంగి దాటి పోయాడు, ఒక్క దారం కదలకుండా, ఎంతో మర్యాదగా. గడప ఎక్కేముందు నా వైపు తిరిగి తల ఊపాడు. ఇద్దరూ లోపలికి పోయారు. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు సందు పొడుగునా వినిపించింది.

పడుగు కొస పట్టుకున్న డానియల్ ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. మెర్సీ టీచర్ నా ముఖం చూసింది. నేను శ్రవణ్ ముఖం చూశాను. వాడు ఆ మూసిన తలుపును తన ఇల్లు కాదన్నట్టు చూస్తున్నాడు.

"ఏమైందిరా? మాట్లాడుకుంటే మాట్లాడుకోని."

"అది గాదు చిచ్చా," అన్నాడు వాడు. "మా మగ్గానికి వెలుతురు గా తలుపు నుంచే వస్తది. నేను పుట్టినకాడికెళ్ళి పగటిపూట మా బాపు గా తలుపు ఎయ్యంగ చూడలే."